ఎర్రచుక్క పెట్టిన పంకా

ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ ఛందస్సూ చెప్పినవాడిని. పదవీ విరమణ పొందిన తెలుగు పండితుడు వరండాలో పడక్కుర్చీ వేసుకొని భాగవతం తిరగేస్తూ ఉంటాడని లోకం ఊహ. ఆ ఊహకు భంగం కలిగిస్తున్నందుకు క్షంతవ్యుణ్ణి. నేను మా కొడంగల్ ఇంటి వెనుక రేకుల షెడ్డులో చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకొని, రేడియోతో నడిచే బొమ్మ విమానాలకు ప్రొపెల్లర్లు అచ్చు వేస్తుంటాను. మా ఆవిడ వీటిని పంకాలంటుంది. ఆ మాటే నాకూ నచ్చింది.

ఈ వ్యసనం అంటుకున్నది 2023 వేసవిలో. మా అమ్మాయి కొడుకు ఎనిమిదో తరగతి ముగించి, హైదరాబాదు నుంచి సెలవులకు వస్తూ వెంట ఒక విమానం తెచ్చాడు. థర్మాకోల్ వంటి తేలికపాటి పలకతో చేసిన దేహం, ముక్కున ఒక చిన్న విద్యున్మోటారు, దానికి రెండు రెక్కల ప్రొపెల్లరు. పట్నంలో మైదానాలు నున్నగా ఉంటాయేమో గానీ, మా ఊరి చుట్టూ ఉన్నవి కంది చేలు. పంట కోసిన తరువాత జానెడేసి మోళ్లు ఈటెల్లా నిలబడి ఉంటాయి. విమానం దిగిన ప్రతిసారీ ప్రొపెల్లరు ఒక మోడుకు తగిలి విరిగేది. వారంలో నాలుగు విరిగాయి. కొత్తవి తపాలాలో రావడానికి మరో వారం.

"తాతా, ఇంట్ల చేసుకోరాదా?" అన్నాడు వాడు.

పిల్లవాడు అడిగితే 'రాదు' అనడం ఉపాధ్యాయుడికి చేతకాదు. అలా మొదలైంది.

మొదట కొయ్యతో చెక్కి చూశాను. చూపులకు సులువుగా కనిపిస్తుంది గానీ, ప్రొపెల్లరు రెక్క చదునైన పలక కాదు. మెలి తిరిగిన రెక్క. మాకు కావలసినది 10 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్ ఉన్నది. పిచ్ అంటే, మర కొయ్యలోకి దిగినట్లు ప్రొపెల్లరు గాలిలోకి జారకుండా దిగితే, ఒక్క చుట్టుకు ఎంత ముందుకు పోతుందో ఆ దూరం. కొస భాగం ఒక చుట్టులో దాదాపు 31 అంగుళాలు ప్రయాణిస్తుంది. రెక్క నడిమి భాగం అందులో సగమే తిరుగుతుంది. రెండూ కలిసి ఆరంగుళాలే ముందుకు పోవాలి. కనుక కొస దగ్గర వాలు సుమారు 11 డిగ్రీలు ఉంటే, నడుమ 21 డిగ్రీలు ఉండాలి. మొదలు నుంచి కొసకు క్రమంగా తగ్గే ఈ వాలులోనే ఉన్నది విద్య అంతా.

1903 డిసెంబరు 17న తొలిసారి ఎగిరిన రైట్ సోదరులకు కూడా ఇదే చిక్కు వచ్చిందట. ఓడల ప్రొపెల్లర్ల మీద అప్పటికి ఉన్న విజ్ఞానం తమకు అక్కరకు రాలేదు. చివరికి ప్రొపెల్లరంటే సుడి తిరుగుతూ పోయే విమానపు రెక్కే అని వారే తేల్చుకొని, స్ప్రూస్ కలప పలకలు ఒకదానిపై ఒకటి అతికించి, ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లను చేతితో చెక్కుకున్నారు. సైకిళ్ల దుకాణం వాళ్లు చేయగా లేనిది, వ్యాకరణం పంతులు చేస్తే తప్పా అని ధైర్యం తెచ్చుకున్నాను.

ఆరు చెక్కితే ఒకటి కుదిరింది. దాన్నే మాతృకగా పెట్టుకొని రెండు భాగాల అచ్చు చేశాను. ఇక్కడ మా తాండూరు నాపరాయి అక్కరకు వచ్చింది. నునుపు పట్టిన బండను మించిన చదునైన బల్ల ఎక్కడ దొరుకుతుంది? ఆ బండ మీద బంకమన్ను పరచి, మాతృకను సగం దాకా అందులో పొదిగి, పైసగానికి మైనం రుద్ది, ఎపాక్సీ రెజినులో నాపరాతి పొడి కలిపి పోశాను. అది గట్టిపడ్డాక తిరగేసి, మన్ను తీసి, రెండో సగానికీ అదే చేశాను. రెండు చిప్పలు, నడుమ ప్రొపెల్లరు ఆకారంలో ఖాళీ.

ఇక ఆ ఖాళీలో నింపేదాని సంగతి. మొదట్లో గాజు నూలుతో నేసిన బట్ట, తరువాత కార్బన్ ఫైబరు వాడాను. ఆ పోగులు వట్టివైతే పట్టుకుంటే వాలిపోతాయి, మన తలవెంట్రుకల్లాగే. రెజిను ఒక్కదాన్నే పోసి గట్టిపరిస్తే పెళుసుగా విరుగుతుంది. రెండూ కలిస్తే మాత్రం వేటికవిగా లేని బలం వస్తుంది. దీన్ని తెలుగులో సంయుక్త పదార్థం అంటున్నారు. నాకు మాత్రం ఇది అచ్చంగా సమాసమే అనిపించింది. చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో (1858) సమాసానికి పెట్టిన మొదటి షరతు పదాల నడుమ సమర్థత. ఒకదానితో ఒకటి అన్వయించని మాటలను పక్కపక్కన ఎంత దగ్గరగా పెట్టినా అవి సమాసం కావు. పోగూ రెజినూ అంతే. రెజిను ప్రతి పోగునూ తడిపి అంటుకుంటేనే ఆ రెండూ ఒక పదార్థం. లేకపోతే ఒకే అచ్చులో ఉన్న రెండు వస్తువులు, అంతే.

పోగుల దిశ కూడా ముఖ్యమే. తిరిగేటప్పుడు రెక్కను బయటికి లాగే బలాన్ని తట్టుకోవడానికి మొదలు నుంచి కొస దాకా నిలువు పోగులు కావాలి. మెలి పడకుండా ఉండటానికి పైపొరలో బట్టను 45 డిగ్రీల ఐమూలగా వేయాలి. నిలువు పోగులు నడిమి బొడ్డు దగ్గర తెగకుండా ఒక రెక్క నుంచి రెండో రెక్కలోకి సాగిపోవాలి.

ఆ లాగుడు బలం ఎంతో లెక్క కట్టి చూసినప్పుడు నా గుండె ఝల్లుమంది. ఒక్కో రెక్క రమారమి 10 గ్రాములు. బరువు కేంద్రం ఇరుసుకు 5 సెంటీమీటర్ల దూరం. నిమిషానికి 8,000 చుట్లు తిరిగితే ఆ పది గ్రాముల రెక్క తన మొదలును దాదాపు 35 కిలోల బరువుతో లాగుతుంది. ఇంటికి తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తాను మించిన బరువు! వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలవుతుంది. కొస వేగం గంటకు 380 కిలోమీటర్లు. బొమ్మ అని పిలుస్తాం గానీ, అది బొమ్మ కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నేను వాడే రెజిను ఎల్‌వై 556, దానికి జోడు హెచ్‌వై 951 హార్డెనరు. నూరు పాళ్లకు పది పాళ్లు, తూకం ప్రకారం. కలిపిన తరువాత చల్లని గదిలో అరగంట దాకా పలుచగా ఉంటుంది. 2023 మే నెలలో ఒక మధ్యాహ్నం, రేకుల షెడ్డులో, రెండు ప్రొపెల్లర్లకు సరిపడా ఒకేసారి కలిపాను. మొదటిది చక్కగా తడిసింది. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి గిన్నె వెచ్చబడింది, రెజిను తేనెలా చిక్కబడి తీగ సాగుతోంది. పారేయవలసింది. కానీ రెజిను ఖరీదైనది, పైగా కార్బన్ పోగులు అప్పటికే కత్తిరించి పెట్టుకున్నాను. బ్రష్షుతో అదిమి అదిమి పూసి, చిప్పలు మూసి, పైన మరో నాపరాయి బరువు పెట్టాను.

గాజుబట్టకు ఒక సుగుణం ఉంది. తడిస్తే పారదర్శకం అవుతుంది, తడవని చోట తెల్లగా మిగిలి తప్పును పట్టిస్తుంది. కార్బన్ నలుపు. తడిసినా నలుపే, తడవకపోయినా నలుపే. మరునాడు అచ్చు విప్పితే రెండు ప్రొపెల్లర్లూ కవలల్లా నిగనిగలాడాయి. ఉప్పుకాగితంతో అంచులు రుద్ది, సన్నని ఉక్కు కడ్డీ దూర్చి రెండు బ్లేడు అంచుల మీద నిలిపి తూచాను. రెండూ చక్కగా సమతూకంలో నిలిచాయి. తూకం సరిపోయినంత మాత్రాన లోపల అతుకు సరిపోయినట్లు కాదని నాకు తెలుసు. అందుకే రెండోదాని బొడ్డు మీద, జవాబు పత్రాలు దిద్దిన అలవాటు చొప్పున, ఎర్ర సిరాతో ఒక చుక్క పెట్టాను. 'అనుమానం, మళ్లీ చూడాలి' అని నాకు నేను చెప్పుకునే గుర్తు. తరువాత దాన్ని మిగతా వాటితో కలిపి డబ్బాలో వేశాను.

2024 సంక్రాంతికి మనవడు వచ్చాడు. కంది కోతలు అయిన చేను గట్టున, పక్కింటి పిల్లవాడితో కలిసి విమానం సిద్ధం చేశాం. వాడు డబ్బాలో నుంచి ఒకటి తీసి, "తాతా, ఈ ఎర్రచుక్క ఏంది?" అని అడిగాడు.

నాకు వెంటనే గుర్తుకు వచ్చింది. మే నెల, గిన్నె వెచ్చదనం, అన్నీ. ఐనా వాడి ముందు నా చేతిపనిలో ఒకటి చెడిపోయిందని ఒప్పుకోబుద్ధి కాలేదు. "ఏం లేదులేరా, పెట్టు" అన్నాను.

విమానాన్ని నేల మీద పట్టుకొని థ్రాటిల్ పూర్తిగా తెరిచాడు. రెండు మూడు క్షణాలు బాగానే పాడింది. ఆ వెంటనే టప్పుమని ఒక శబ్దం. ఒక రెక్క ఊడిపోయింది. మిగిలిన ఒంటిరెక్క ఊపుకు మోటారు దాని పీఠంతో సహా పెళ్లగించుకొని వచ్చింది. పక్కింటి పిల్లవాడు ప్రొపెల్లరుకు సరిగ్గా పక్కగా, అది తిరిగే తలంలోనే నిలబడి ఉన్నాడు. అలా నిలబడకూడదని నేను వాడికి చెప్పి ఉండవలసింది. రెక్క వాడి చెవి పక్క నుంచి వెళ్లింది. గాలి తగిలిందన్నాడు. వెనుక ఉన్న జొన్నచొప్ప వామిలో వెతికితే మూరెడు లోతున దొరికింది.

విరిగిన చోట చూశాను. లోపలి పోగులు పొడిగా, దువ్వెనకు చిక్కిన వెంట్రుకల్లా విడివిడిగా ఉన్నాయి. పైన నిగనిగలాడే పొర, లోపల అంటుకోని పోగులు. సమర్థత లేని సమాసం.

పిల్లలిద్దరూ మోడు తగిలిందేమో, మోటారు బోల్టు వదులైందేమో అని తర్కించుకుంటున్నారు. ఆ తర్కాన్ని అలాగే సాగనిస్తే నా పరువు దక్కేది. నిజంగానే ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. రాత్రి అన్నం సహించలేదు. మనవణ్ణి షెడ్డులోకి పిలిచి, ఎర్రచుక్క ఎందుకు పెట్టానో, అడిగినప్పుడు ఏమని దాటవేశానో చెప్పాను.

వాడు చాలాసేపు ఆ ముక్కను తిప్పి తిప్పి చూసి, "మరి అప్పుడే ఎందుకు చెప్పలే తాతా?" అన్నాడు. జవాబు లేదు.

మరునాడు పక్కింటికి వెళ్లి ఆ పిల్లవాడి తండ్రికీ చెప్పాను. అతడూ ఒకప్పుడు నా విద్యార్థే. "పోనీయండి సార్, పిల్లగానికేం కాలే గదా. మీరు కావాలని చేస్తరా?" అని కుర్చీ వేసి టీ ఇచ్చాడు. అతడు కోపగించుకుని ఉంటే కొంత భారం తగ్గేది. 'సార్' అన్న ఆ గౌరవం నన్ను మరింత కుంగదీసింది.

అబ్దుల్ కలాం గారు తమ ఉపన్యాసాలలో ఒక సంగతి చెప్పేవారు. 1990లలో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపట్టీలు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను చూసి, క్షిపణుల కోసం తయారైన సంయుక్త పదార్థంతో వాటిని 300 గ్రాములకు తగ్గించారు. ఆ పిల్లలు పట్టీ లోపల ఏ పోగు తడిసిందో చూడలేరు. చేసినవాడి మీద నమ్మకంతో కాలు మోపుతారు. ఇదివరకు ఆ కథలో బరువు తగ్గడమే నాకు గొప్పగా కనిపించేది. ఇప్పుడు ఆ కాలు మోపడం కనిపిస్తోంది.

అప్పటి నుంచి మా షెడ్డులో కొన్ని నియమాలు. ఒకసారి కలిపిన రెజినుతో ఒకే ప్రొపెల్లరు. వేసవిలో తెల్లవారుజామునే పని. నడుమ నిలువు పోగులు కార్బన్‌వే ఐనా, పైపొర మాత్రం గాజుబట్టే. కనీసం పైన జరిగిన తప్పైనా కనిపిస్తుంది. ప్రతి కొత్త ప్రొపెల్లరూ సగానికి కోసిన ఇనుప డ్రమ్ము లోపల పది నిమిషాలు పూర్తి వేగంతో తిరగాలి. తిరుగుతున్నంతసేపు ఎవరూ దాని పక్కన నిలబడకూడదు. వెనుక, దూరంగా ఉండాలి. ఒకసారి నేలకు తాకి నొక్కుపడిన దాన్ని అతికించి మళ్లీ వాడటం లేదు. ఎర్రచుక్క పెట్టడం మానేశాను. అనుమానం ఉన్నదాన్ని అక్కడికక్కడే రెండు ముక్కలు చేయడమే.

ఈ మధ్య సెలవులకు వచ్చినప్పుడు మనవడు తనంతట తానే ఒకటి అచ్చు వేశాడు. నేను బల్ల మీద చేతులు పెట్టకుండా కూర్చున్నాను. విప్పితే చూడముచ్చటగా ఉంది. వాడు మాత్రం దాన్ని వెలుతురుకు పట్టి, ఒక రెక్క మొదట్లో గోరంత తెల్లమచ్చ చూపించి, "తాతా, ఇది అనుమానం" అన్నాడు. డ్రమ్ములో తిప్పి చూద్దామా అని నేనే ఆశపడ్డాను. వాడు అప్పటికే హాక్సా బ్లేడు అందుకున్నాడు.

ఇంతే సంగతులు.