మా పెరటి పడవ

మా యింటి పెరటిలో నొక తెరచాప పడవ యున్నదని విన్న సోదరీమణులు మొదట నవ్వుదురు. పిమ్మట “మఱి బట్ట లెక్కడ నారవేసికొందురు?” అని యడుగుదురు. మేమును మొదట నా మాటయే యంటిమి.

మా మఱది నౌకాదళమున నుద్యోగి. 2013లో విశాఖపట్టణమునుండి పడమటి తీరమునకు బదిలీ యయినపుడు, తాను ముచ్చటపడి కొనుక్కొన్న చిన్న పడవను భీమునిపట్టణమున మా యింట దింపి, “వదినా, దీనిని నేల తగులనీయకు” మని చెప్పి పోయెను. కాలిఫోర్నియాలో హోబీ ఆల్టరు రూపొందించిన జాతి యది. రెండు సన్నని పడవలను లోహపు గొట్టములతో జతపఱచి, నడుమ గట్టిగుడ్డ బిగింతురు. పొడవు 16 అడుగుల 7 అంగుళములు, వెడల్పు 7 అడుగుల 11 అంగుళములు, బరువు ఇంచుమించు 145 కిలోలు. దీనిని ‘కెటమరాన్’ అందురు. కట్టుమర మను నఱవమాటయే పరదేశము తిరిగి యిట్లు వచ్చినది. అమరకోశమున ఉడుపము, ప్లవము, కోలము అని వల్లించిన మాకు, తెప్ప చుట్టమొకతె యింటికే వచ్చినట్లుండెను.

నేల తగిలిన నేమగునో మాకు తెలియలేదు. జాలరిపేట ముసలమ్మ నడిగితిమి. “తెప్పొచ్చిన ఎంటనే కట్లిప్పి దుంగలారబెడతాం తల్లీ. నీరు తాగిన దుంగ మోయనేం” అనెను. ఇది దుంగ కాదు, గాజునార. అయినను లోపల నీరు నిలిచిన చేటే. కావున వెనుకనున్న బిరడాలు తీసి, ముక్కు కొంచెమెత్తి యుంచిన, చొచ్చిన నీరు తనంతట జాఱిపోవును. ఉప్పు పోవునట్లు మంచినీటితో కడుగుట సరేసరి.

ఇంతవఱకు బాగుగనే చేసితిమి. కాని యెత్తుటలో తప్పితిమి. నాలుగేసి యిటుకలు పేర్చి, నడిమి భాగమున నానించితిమి. వేసవి యెండకు గోడ మెత్తబడి, యిటుక యంచు దిగి, బొటనవ్రేలంత సొట్ట పడెను. ఆ సంగతి మఱదికి వ్రాయుటకు మాకు చేయి రాలేదు.

అంత మావారు వసారా దూలమునకు వ్రేలాడదీయుదమనిరి. బడిపిల్లలను సాయమునకు గూడ పిలిచిరి. వసారా వెడల్పు ఆఱడుగులు. దూలము తాతలనాటిది, ఒక కొనను చెదలు తిన్నది. లెక్కలు చెప్పు పంతులుగారి యింట లెక్క మేము చెప్పవలసి వచ్చెను! రెండు దినములు మాటలు లేవు. తుదకు అత్తగారు తామే వడ్రంగిని పిలిపించిరి. మోకాలెత్తున రెండు కొయ్య దిమ్మలు చేయించి, పడవకు బలమెక్కువగానుండు చోట, అడ్డగొట్టముల క్రింద, వెడల్పైన పలకలమీద కొబ్బరినార పట్టాలు పఱచి నిలిపితిమి. పైన ఎండ తగులకుండ కప్పు, ప్రక్కల గాలి యాడుటకు సందు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చుచున్నదని చాటిరి. ఎత్తున నున్న పడవ గాలికి ఱెక్కయే గదా! పదునొకండవ తేది శనివారము స్తంభము విప్పి గోడవార పెట్టి, పడవను దింపి, బోర్లించి, నాలుగు ఇనుపమేకులు వాలుగా లోతుగా దిగగొట్టి కట్టితిమి. నేల తగులనీయవద్దన్న దానిని మేమే నేలకు కట్టుట! మఱునాడు వసారా పెంకులన్నియు లేచిపోయినవి. ఆ దూలము విఱిగి పడెను. పడవ కదలలేదు. మావారు ఆ దూలమువంక చాలసేపు చూచిరి గాని యేమియు ననలేదు. మేమును ఎత్తిపొడువలేదు. నోటివఱకు వచ్చిన మాట నిజమే.

మఱుచటి సంక్రాంతికి మఱది వచ్చెను. వచ్చుటతోడనే పెరటిలోనికి పోయి, పడవ నడుగుభాగమున తడిమి, సొట్టకడ వ్రేలాపెను. మేము పెదవి విప్పునంతలో అత్తగారు గడపలో నిలిచి, “ఆ యిటుకలు నేనే పెట్టించితినిరా” అనిరి.

అది నిజము కాదు.