బ్రాండీవైన్ ఒడ్డున పిండిమిల్లులో చిత్రశాల

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియాకు నైరుతి దిక్కున, బ్రాండీవైన్ అనే ఏటి ఒడ్డున చాడ్స్ ఫోర్డ్ అనే పల్లె ఉంది. 1777 సెప్టెంబరులో జార్జి వాషింగ్టన్ సైన్యం బ్రిటిషు వారి చేతిలో ఓడిపోయిన యుద్ధం ఈ పరిసరాల్లోనే జరిగింది. 1864లో ఇక్కడ కట్టిన ఒక పిండిమిల్లే ఇవాళ బ్రాండీవైన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్. అమెరికా చిత్రకళ అనగానే న్యూయార్కు, వాషింగ్టన్ నగరాల పెద్ద మ్యూజియాలు గుర్తొస్తాయి. ఆ మ్యూజియాల్లో బొమ్మ ఒకచోట ఉంటే, అది పుట్టిన నేల ఎక్కడో ఉంటుంది. చాడ్స్ ఫోర్డ్‌లో మాత్రం గోడ మీద చూసిన కొట్టాన్ని, గుట్టను కాసేపటికే కళ్లారా చూడవచ్చు. ఈ మ్యూజియం విలువంతా అందులోనే ఉంది.

దీని పుట్టుకకు కారణం కళ కాదు, నేల. 1960లలో ఏటి పక్క పల్లపు భూముల్లోకి పరిశ్రమలు వచ్చే ప్రమాదం ఏర్పడింది. వరద వచ్చినప్పుడు నీరు పరుచుకునే భూములవి. దిగువనున్న విల్మింగ్టన్ నగరానికి తాగునీరు ఈ ఏటి నుంచే అందుతుంది. జార్జ్ వేమత్ అనే చిత్రకారుడు, ఇంకొందరు స్థానికులు కలిసి ఆ భూముల్ని కొనేసి, 1967లో ఒక సంరక్షణ సంస్థను స్థాపించారు. భూమి యజమాని చేతిలోనే ఉంటుంది, సాగు సాగుతూనే ఉంటుంది, కానీ ఇకపై దాన్ని ప్లాట్లు వేసి అమ్మడానికో, ఫ్యాక్టరీ కట్టడానికో వీల్లేకుండా శాశ్వత దస్తావేజు రాయించుకోవడం మిగతా భూములకు వారు ఎంచుకున్న పద్ధతి. ఈ దారిలో ఇప్పటికి 60 వేల ఎకరాలకు పైగా భూమికి రక్షణ దొరికింది. పాత మిల్లును బాగుచేయించి 1971లో మ్యూజియంగా తెరిచింది కూడా ఆ సంస్థే. నేటికీ ఏటినీ బొమ్మల్నీ ఒకే యాజమాన్యం చూసుకుంటోంది.

మిల్లు ఎర్ర ఇటుక గోడల్ని, లోపలి దూలాల్ని అలాగే ఉంచారు. ఏటివైపు మాత్రం నిలువెత్తు అద్దాలతో వరండాలు కట్టారు. ఒక గది చూసి మరో గదికి వెళ్లే ప్రతిసారీ కింద పారే నీరు, అవతలి గట్టు మీది చెట్లు కనిపిస్తాయి. ఇప్పుడే చూసి వచ్చిన బొమ్మలోని రంగులు ఆ గట్టు మీద గుర్తుపట్టవచ్చు.

ఇక్కడి బొమ్మల కథ మొదలయ్యేది హోవర్డ్ పైల్‌తో. పత్రికలకు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడాన్ని అమెరికాలో గౌరవప్రదమైన కళగా నిలబెట్టిన గురువు ఆయన. 1898లో చాడ్స్ ఫోర్డ్‌లో వేసవి తరగతులు ప్రారంభించాడు. ఆయన శిష్యుల్లో మేటి ఎన్.సి. వైయెత్. స్టీవెన్‌సన్ రాసిన 'ట్రెజర్ ఐలండ్' నవలకు ఈయన వేసిన బొమ్మలు 1911లో అచ్చయ్యాయి. ఆ డబ్బుతోనే ఊళ్లో 18 ఎకరాలు కొని, ఇల్లు, స్టూడియో కట్టుకున్నాడు. పుస్తకంలో అరచేయంత కనిపించే ఆ బొమ్మల అసలు రూపాలు దాదాపు నాలుగడుగుల ఎత్తు తైలవర్ణ చిత్రాలు. ఇంటిని వదిలి వెళుతున్న కథానాయకుడు జిమ్ హాకిన్స్ చిత్రం దగ్గర ఆగి చూడాలి. మూట పట్టుకున్న కుర్రాడు మనవైపు నడిచి వస్తుంటాడు. వెనక ఎండ పడిన గోడ దగ్గర తల్లి తలవంచి ఏడుస్తుంటుంది. నవలలో ఈ వీడ్కోలు ఒక్క ముక్కలో తేలిపోతుంది, తల్లి ఏడ్చిన మాటే లేదు. రచయిత చెప్పకుండా వదిలేసిన దుఃఖాన్ని చిత్రకారుడు పట్టుకున్నాడు. కథకు బొమ్మ వేయడం అంటే కథను మళ్లీ చెప్పడం కాదని ఈ ఒక్క చిత్రం రుజువు చేస్తుంది.

1945 అక్టోబరులో ఎన్.సి. వైయెత్ కారు ఊరి దగ్గర రైలు గేటు వద్ద రైలు కింద పడింది. ఆయనా, వెంట ఉన్న పసి మనవడూ చనిపోయారు. చిన్న కొడుకు ఆండ్రూ వైయెత్ చిత్రకళ ఆ దెబ్బతో గంభీరమైపోయింది. మరుసటి ఏడాది ఆయన వేసిన ప్రసిద్ధ చిత్రంలో ఒక కుర్రవాడు ఎండుగడ్డి గుట్ట మీంచి కిందికి పరుగెత్తుతుంటాడు. ఆ గుట్టకు అవతలి పక్కనే తండ్రి పోయిన చోటు. ఆ చిత్రం నార్త్ కరోలినా మ్యూజియంలో ఉంది, గుట్ట మాత్రం ఇక్కడే ఉంది.

ఆండ్రూ పనితనం అర్థం కావాలంటే టెంపెరా పద్ధతి తెలియాలి. బావ పీటర్ హర్డ్ దగ్గర ఆయన దీన్ని నేర్చుకున్నాడు. పలక మీద సుద్ద, సరేసు కలిపిన పూత పూసి నున్నగా తోమాలి. కోడిగుడ్డు పచ్చసొనను విడదీసి, నీళ్లు చేర్చి, రంగుపొడితో నూరాలి. ఆ రంగు పలకను తాకీతాకగానే ఆరిపోతుంది. తైలవర్ణంలో లాగా ఒక రంగును మరో రంగులోకి అలికి కలపడం కుదరదు. అందుకని సన్నని కుంచెతో వెంట్రుక లాంటి గీతలు పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవాలి. ఒక్క చిత్రానికి నెలలు పడతాయి. ఇక్కడున్న 1956 నాటి చిత్రం ఒకటి రోడ్డు పక్కన నిలబడి వేయించిన చెస్ట్‌నట్ గింజలు అమ్ముకునే యువకుడిది. దూరం నుంచి ఫొటోలా అనిపిస్తుంది. దగ్గరికి వెళితే ఫొటో పోయి, గీత మీద గీతగా పేర్చిన ఓపిక మిగులుతుంది. ఆండ్రూను వట్టి పుస్తకాల బొమ్మలవాడని కొట్టిపారేసిన విమర్శకులు ఉన్నారు. ఆ పలక ముందు నిలబడితే ఆ మాట నిలవదు.

మూడో తరం ఆండ్రూ కొడుకు జేమీ వైయెత్‌ది. ఆయన 1970లో గీసిన పంది చిత్రం ఏడడుగుల వెడల్పు ఉంటుంది. గీస్తుండగా ఆ పంది ఆయన రంగుల ట్యూబుల్ని తినేసిందట. పిల్లలు ముందు ఆగేది దాని దగ్గరే.

ఒకే కుటుంబం చుట్టూ ఇంత అల్లుకున్న చోటు ఆ ఇంటివారి గుడిగా మారిపోయే ప్రమాదం ఉంది. దాన్ని తప్పిస్తున్నవి తాత్కాలిక ప్రదర్శనలు. 2015లో హోరెస్ పిపిన్ చిత్రాల ప్రదర్శన జరిగింది. పక్కనున్న వెస్ట్ చెస్టర్‌లో పుట్టిన ఈ నల్లజాతి చిత్రకారుడు మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి భుజానికి తూటా తగిలి, కుడిచేతిని ఎడమచేతితో ఆనించి పట్టుకుని బొమ్మలు వేశాడు. నగరాలకు దూరంగా పుట్టిన ఆధునిక కళ మీద 2016లో మరో ప్రదర్శన నడిచింది. 2017లో ఆండ్రూ శతజయంతికి సియాటిల్ మ్యూజియంతో కలిసి ఆయన చిత్రకళను పునర్విచారించారు. జోసెఫ్ స్టెల్లా పూల చిత్రాలు 2023లో వచ్చాయి. వీటిలో పిపిన్ ప్రదర్శనకే ఎక్కువ విలువ ఇవ్వాలి. ఒకే మట్టిలో పుట్టినా వైయెత్‌ల బొమ్మల్లో కనిపించని జీవితం అందులో ఉంది.

ఏటి ఒడ్డున ఉండటానికి వెల కూడా ఉంది. 2021 సెప్టెంబరు ఆరంభంలో ఐడా తుపాను వల్ల బ్రాండీవైన్ మునుపెన్నడూ లేనంతగా పొంగింది. కింది అంతస్తులోకి, చుట్టుపక్కల భవనాల్లోకి నీరు చేరి భారీ నష్టం జరిగింది. బొమ్మలు పై అంతస్తుల్లో ఉండటం వల్ల దక్కాయి.

మ్యూజియం అధీనంలో మరో మూడు చోట్లు ఉన్నాయి: ఎన్.సి. వైయెత్ ఇల్లు-స్టూడియో, పాత బడిలో ఉన్న ఆండ్రూ స్టూడియో, కర్నర్ కుటుంబపు పొలం. జర్మనీ నుంచి వలస వచ్చిన కార్ల్ కర్నర్ పొలంలో ఆండ్రూ డెబ్బై ఏళ్లకు పైగా బొమ్మలు వేశాడు. పైన చెప్పిన గుట్ట కూడా అక్కడిదే. ఈ చోట్లు ఏడాది పొడవునా తెరిచి ఉండవు, చలికాలంలో మూస్తారు.

ఎక్స్‌టన్, మాల్వెర్న్, విల్మింగ్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల వారు చుట్టాలొస్తే లాంగ్‌వుడ్ గార్డెన్స్‌కు తీసుకెళ్తుంటారు. ఈ చిత్రశాల అదే రూట్ 1 మీద, అక్కడికి కొద్ది మైళ్లలోనే ఉంది. బొమ్మలు వేసే పిల్లలుంటే తప్పక వెంటబెట్టుకుని వెళ్లండి. ముందు మిల్లులో బొమ్మలు చూపించి, ఆ తర్వాతే కర్నర్ పొలానికి తీసుకెళ్లండి.