ఎముకలతుకు చెట్టు

పోయినేడు మా అమ్మ వాకిట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. డాక్టరు పిండికట్టు వేశాడు. ఇంటికి రాగానే, "ఒరేయ్, కాస్త నల్లేరు తెప్పించరా, పచ్చడి చేయిస్తాను. ఎముక త్వరగా అతుకుతుంది" అన్నది. తెలుగు మేష్టర్ని గదా, వూరుకుంటానా? "దాని సంస్కృతం పేరు అస్థిసంహారి అమ్మా! ఎముకల్ని సంహరించేది. వున్నవి కూడా పోతాయి" అన్నాను. పిల్లలు నవ్వారు. అమ్మ నవ్వలేదు. మళ్లీ నల్లేరు మాట యెత్తలేదు.

ఈ ఘనకార్యం మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడి దగ్గర చెప్పుకున్నాను. ఆయనా నవ్వలేదు. "చైనావాళ్ల జియెగూము సంగతి తెలుసునా?" అన్నాడు.

ఇంగ్లీషువాళ్లు ఎల్డర్ అనే జాతి పొద అది. కొమ్మలో మెత్తని బెండు, జంటలు జంటలుగా యెదురెదురు ఆకులు, గుత్తులుగా చిన్న పూలు, ఆ తరవాత యెర్రని పండ్లు. జియె అంటే అతకడం, గూ అంటే యెముక, ము అంటే చెట్టు. అక్కడి నాటువైద్యంలో విరిగిన యెముకలకు వాడుతారు గనక ఆ పేరు.

కొరియావాళ్లు ఆ మూడక్షరాలనే పుచ్చుకుని జొప్‌గోల్‌మోక్ అని చదువుతారు. అది మందుల కొట్టు పేరు. జనం నోట మాత్రం అది తక్‌చోంగ్ నాము, అంటే ఆటతుపాకి చెట్టు. కొమ్మ విరిస్తే 'తక్'మంటుందట. విరిగినదాన్ని అతికే చెట్టుకు విరిగే చప్పుడు పేరు! దాని దాయాది ఒకటి ఉల్లుంగ్‌దో ద్వీపంలో వున్నది. దాన్ని యేమంటారో తెలుసునా? గుర్రపు మూత్రం చెట్టు.

జపానువాళ్ల తమాషా వేరు. రాసేది ఆ చైనా అక్షరాలే, పలికేది నివాతోకో. కాగితం మీద యెముక వున్నది, నోట్లో లేదు. పూర్వం దీన్ని యమతజు అనేవారు. ఆకులు యెదురెదురుగా వుంటాయి గనక, కవిత్వంలో 'యెదురేగడం' అనే మాటకు ముందు ఈ పేరు చేర్చేవారు. దేశాంతరం పంపిన ప్రియుడికోసం తానే బయలుదేరిన రాకుమారి పాట ఒకటి కొజికి గ్రంథంలో వున్నది. అందులో ఈ చెట్టు అందుకే వస్తుంది. ఆ గ్రంథం 712లో పూర్తయింది. అప్పటికే ఆ పేరు పాతబడింది కాబోలు, యమతజు అంటే ఇప్పటి మియత్సుకోగి అని పాట చివర టిప్పణి పెట్టవలసి వచ్చింది. ఆ మియత్సుకోగే నలిగి నలిగి నివాతోకో అయిందంటారు.

టిప్పణి అనగానే నా గుండె గతుక్కుమంది. సంహారమంటే చంపడమొకటే కాదు, ఒకచోటికి చేర్చడం కూడాను. భట్టనారాయణుడి వేణీసంహారంలో విరబోసుకున్న ద్రౌపది జుట్టును భీముడు ముడివేస్తాడు గాని, కత్తిరించడు. ఏటేటా క్లాసులో చెప్పేది నేనే! అస్థిసంహారి అంటే యెముకల్ని కూర్చేది. నిజంగా కూరుస్తుందో లేదో వైద్యులు తేల్చాలి. పేరు పెట్టినవాళ్లు మాత్రం జియెగూము అన్నవాళ్లలాగే ఆశపడ్డారు.

ఆ సాయంత్రం లేత నల్లేరు కాడలు పట్టుకెళ్లి, తప్పు వొప్పుకుని, చైనా చెట్టు సంగతంతా అమ్మకు చెప్పాను. ఓపిగ్గా విన్నది.

"దాంతో వాళ్లు పచ్చడి చేసుకుంటారా?"

"చేసుకోరనుకుంటానమ్మా."

"సరేలే. ముందు చేతులకు నూనె రాసుకో, దురద పెడుతుంది. నార నువ్వే తియ్యి" అన్నది.