తర్రెంలో ఎర్రచీమల పచ్చడి

చర్లలో మనం తాలిపేరు అనే నది ఛత్తీస్‌గఢ్‌లోని బాసగూడ పక్కనుంచే దిగివస్తుంది. అది దాటి అడవిలోకి పోతే తర్రెం. 2021 ఏప్రిల్ 3న 22 మంది జవాన్లు చనిపోయిన ఎదురుకాల్పులతోనే ఈ పేరు మన పత్రికలకెక్కింది. నేను వెళ్లింది మాత్రం పిల్లల తిండి గురించి అడగడానికి. విదేశాల్లో మనవాళ్లు అలర్జీల భయంతో పిల్లల డబ్బాలో పల్లీ చట్నీ పెట్టాలన్నా జంకే రోజులివి.

ఒక ఇంటి వాకిట్లో పెద్దావిడ ఆకుల గూడును చాటలోకి దులిపింది. ఎర్రచీమలు, తెల్లటి గుడ్లు, పచ్చిమిర్చి, ఉప్పు వేసి బండమీద నూరింది. పుల్లటి ఘాటు ముక్కుకెక్కింది. ఒళ్లో ఉన్న పసివాడు ఆమె వేలికంటిన పచ్చడి నాకేశాడు.

“దద్దుర్లు రావా అవ్వా?”

“ఎందుకొస్తయి బిడ్డా? మేం తినలేదా, మా పిల్లలు తినలేదా?”

రొయ్యల్లో అలర్జీ తెప్పించే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్‌ను పోలినదే కీటకాల్లోనూ ఉంటుంది. రొయ్యలు పడనివాళ్లకు ఈ పచ్చడీ పడకపోవచ్చు. ఊళ్లో ఆరోగ్యం చూసే మితానిన్ మాటలన్నీ మలేరియా చుట్టూనే తిరిగాయి. అంతమాత్రాన ఇక్కడ అలర్జీ లేదనను. పరీక్షించకుండా ఎవరూ అనలేరు.

అలర్జీ రావడంలో జన్యువుల పాత్ర చిన్నది కాదు. వేరుశనగ అలర్జీపై 2000లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, ఒకే పోలిక కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికీ ఉన్నది 64 శాతం జంటల్లో. మామూలు కవలల్లో 7 శాతమే. ఫిలాగ్రిన్ జన్యువులో లోపముంటే చర్మం పొడిబారి పగులుతుంది. ఆ పగుళ్లలోంచి ఇంట్లోని పల్లీ పొడి లోపలికి చేరితే ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. అదే నోటి ద్వారా పొట్టలోకి వెళ్తే సహించడం నేర్చుకుంటుంది. మెల్‌బోర్న్‌లో చూస్తే, ఆసియాలో పుట్టి వలస వచ్చిన పిల్లల కంటే అక్కడే పుట్టిన ఆసియా సంతతి పిల్లల్లో గింజల అలర్జీ ఎక్కువ. వంశం మారలేదు, పుట్టిన చోటు మారింది. మన దగ్గర చూస్తే, బెంగళూరు, మైసూరు పెద్దల్లో 26.5 శాతం మంది రక్తంలో ఆహారానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరోధకం కనిపించినా, అలర్జీ ఉందనదగినవాళ్లు 1.2 శాతమే.

ఐజీఈ మన ఒంట్లో నులిపురుగుల మీద పోరాడే ఆయుధం కూడా. పురుగులున్న ఊళ్లలో అలర్జీలు తక్కువని కొందరి వాదన. నిజమే అయినా, పసివాళ్లకు పురుగులు, మలేరియా ఉండాలని ఏ తల్లీ కోరుకోదు. తర్రెం నుంచి తీసుకోదగింది ఆ పసివాడి నోటికి తొందరగా అందిన రుచి.

తొందరగా రుచి చూపడం మేలనేది వట్టి నమ్మకం కాదు. లండన్‌లో తీవ్రమైన తామర (ఎగ్జిమా) లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లలపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. అయిదేళ్లు నిండేసరికి వేరుశనగ మానేసినవాళ్లలో 17.2 శాతానికి, తిన్నవాళ్లలో 3.2 శాతానికే అలర్జీ కనిపించింది.

కాబట్టి బిడ్డకు ఘనాహారం మొదలుపెట్టాక పల్లీని, గుడ్డును భయంతో ఏళ్లకేళ్లు వాయిదా వేయకండి. గింజలు గొంతులో ఇరుక్కుంటాయి, మెత్తగా నూరి జావలో కలపండి. తామర తీవ్రంగా ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.