కుండలీకరణములు

సీసపద్యాలను వరుసపరచే చిన్న ప్రోగ్రాము వ్రాసుకొంటూ నిన్న రెండు గంటలు చిక్కుపడ్డాను. ఎక్కడో ఒక కుండలీకరణం తెరుచుకొని మూతపడలేదు. విజువల్ స్టూడియో కోడ్‌లో కర్సరును బ్రాకెట్టు ప్రక్కన నిలిపితే, దాని చుట్టూ, దాని జంట చుట్టూ సన్నని గడి కనబడుతుంది. శుక్లాలు కమ్మిన నా కంటికి ఆ బూడిదరంగు గడి ఆనదు.

సెట్టింగుల జేసన్ ఫైలు తెరచి, 'వర్క్‌బెంచ్ కలర్ కస్టమైజేషన్స్' క్రింద 'ఎడిటర్ బ్రాకెట్ మ్యాచ్' అంచుకు పసుపు, వెనుకభాగానికి కుంకుమరంగు వ్రాశాను. లోతునుబట్టి జంటజంటకు రంగు మార్చే సదుపాయం 2021 నుండి ఆ ఎడిటరులోనే ఉన్నది. ఆరు రంగులదాకా మనమే ఎంచుకోవచ్చు. అదీ అమర్చాను. జంట వెలగని బ్రాకెట్టు వెంటనే పట్టుబడింది.

సీసంలో కర్త మొదటి పాదంలో ఉంటే క్రియ ఎత్తుగీతి చివర ఉండవచ్చు. నడుమ అంతా విశేషణాల అడవి. అన్వయం చెప్పలేని పిల్లవాణ్ణి "బుద్ధి ఎక్కడ పెట్టావురా" అని గద్దించేవాణ్ణి. కర్నూలు, కడప బడులలో ముప్పైయేళ్ళు పాఠం చెప్పినా, కర్తనూ క్రియనూ ఒకే రంగులో వ్రాసి చూపాలని ఒక్కనాడూ తోచలేదు.

రంగు సుద్దముక్కల పెట్టె బీరువాలోనే ఉండేది. తనిఖీ రోజుకని దాచేవాళ్ళం.