చెమట కనిపించని ఎండ

కువైట్ ఎండలో చెమట కనిపించదు. మన కోస్తా ఉక్కపోతలో చొక్కా తడిసి వీపుకు అంటుకుంటుంది కాబట్టి ఒంట్లోంచి నీరు పోతోందని తెలుస్తుంది. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. మా క్లినిక్‌కు వచ్చే కూలీల చొక్కాల మీద తెల్లటి ఉప్పు చారలే మిగులుతాయి. నాడి పట్టుకునే ముందు నేను చూసేది ఆ చారలనే. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. వేసవిలో బరువు పని చేసే మనిషికి గంటకు లీటరు, ఒక్కోసారి అంతకు మించి చెమట పోతుంది.

జగిత్యాల వైపు కుర్రాడొకడు నడుము పక్కన పోటుతో మెలికలు తిరుగుతూ వచ్చాడు. పరీక్షకిచ్చిన మూత్రం కడక్ చాయ్ రంగులో ఉంది. స్కానింగ్‌లో కిడ్నీలో రాయి కనిపించింది. సైటులో నీళ్లు పెట్టరా అని అడిగాను.

"పెడ్తరు సార్. తాగితే పోవాలె గద! బాత్రూం గేటు అవుతల ఉంటది. పోయొచ్చేసరికి ఫోర్‌మన్ లొల్లి చేస్తడు."

ఆ తర్వాత ఈ మాట ఎందరి నోటనో విన్నాను. కూలర్ పెట్టించేవాళ్లు మరుగుదొడ్డి ఎంత దూరమో ఆలోచించరు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని నిషేధం. మంచి నియమమే. కానీ తెల్లవారుజామున మొదలయ్యే పనిలో, 11 లోపే నోరు కట్టుకునే మనిషిని అది కాపాడలేదు.

నిజామాబాద్ మేస్త్రి ఒకాయనది దీనికి తిరగబడ్డ కథ. సరిగా తినకుండా పొద్దంతా ఒట్టి నీళ్లే తాగాడు. పిక్కలు పట్టేశాయి, వాంతులయ్యాయి, మాట తడబడింది. రక్తంలో సోడియం బాగా పడిపోయింది. వెంటనే పెద్దాసుపత్రికి పంపాం, కోలుకున్నాడు. చెమటతో పోయిన ఉప్పు ఒట్టి నీళ్లతో తిరిగిరాదు. లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో 2.6 గ్రాముల ఉప్పుతోపాటు 13.5 గ్రాముల గ్లూకోజు ఉండేది రుచి కోసం కాదు. పేగుల్లో సోడియం ఒంటికి పట్టేది ఆ గ్లూకోజు తోడుతోనే, దాని వెంటే నీరూ వస్తుంది. బీపీ లేనివాళ్లకు ఉప్పేసిన లబన్ (ఇక్కడి మజ్జిగ) కూడా మంచిదే. దాహమయ్యేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగమంటాను.

కుర్రాడి చీటీలో మందుల కింద, పనిచేసే చోటికి దగ్గర్లో మరుగుదొడ్డి ఉండాలని రాసి సంతకం పెట్టాను. ఇప్పుడు ప్రతి వేసవి చీటీలోనూ ఆ వాక్యం రాస్తున్నాను, ఫోర్‌మన్ చదవగలిగేలా అరబీలో కూడా.