బంజరుగా రాసిన సాగుభూమి

మనిషి ఒక మాట చెబితే ఎందుకని అడుగుతాం. అదే మాట తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో కనబడితే అడగం. యంత్రానికి స్వార్థం లేదు గనక అది చెప్పేది నిజమే అయివుంటుందనే నమ్మకం మన చదువుకున్నవాళ్లలో బాగా బలపడింది. అత్తిలి వంటి చిన్న వూళ్లో కూడా ఇళ్లల్లోకి కంప్యూటర్లు వచ్చిన ఈ రోజుల్లో ఈ నమ్మకం మంచిచెడ్డలు విచారించడం అవసరం. నేను దగ్గరుండి చూసిన ఒక చిన్న వ్యవహారం ఆధారంగా ఆ పని చేస్తాను.

మా వూళ్లో రిటైరయిన తెలుగు మాష్టారు ఒకరున్నారు. చుట్టుపక్కల చేలల్లో వూడ్పులకూ కోతలకూ వెళ్లిన కూలి స్త్రీల పాటలను పదేళ్లుగా సేకరించి తన ఇంటి కంప్యూటరులో దాచుకున్నారు. పాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. కోతమిషను వచ్చాక కోతపాట పాడే సందర్భమే పోయింది. అంచేత ఆ డిస్కులో వున్నది డబ్బు పెట్టి మళ్లీ కొనగలిగిన సరుకు కాదు.

కరెంటు పోతూ వస్తూ వున్న ఒక వేసవి సాయంత్రం తరువాత ఆ కంప్యూటరులో సి భాగం మాత్రమే మిగిలింది. డి, ఇ భాగాలు కనబడలేదు. డిస్కు పటంలో వాటి స్థానంలో ‘కేటాయించని చోటు’ అని వున్నది. బాగుచేసే కుర్రవాడు చూసి, “కొత్తగా పార్టిషన్ చేసి ఫార్మాటు కొట్టేస్తే సరిపోద్దండి” అన్నాడు. మాష్టారు ఆ మాటకు ఒప్పుకోలేక కంప్యూటరును మా ఇంటికి పట్టుకొచ్చారు.

“మాష్టారూ, ముందు దీనిమీద కొత్తగా ఏమీ రాయొద్దండి,” అన్నాను.

“పాటలు వున్నాయంటారా?”

“వుండాలండి. చూసిందాకా చెప్పలేను.”

వుండాలని ఎందుకన్నానో వివరిస్తాను. పాత పద్ధతి డిస్కులో మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు. అందులో 446 బైట్లు యంత్రాన్ని లేపే సూచనలు, చివరి 2 బైట్లు గుర్తుముద్ర. మధ్యనున్న 64 బైట్లే హద్దుల పట్టిక. ఒక్కొక్క భాగం ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడుగో అందులో రాసివుంటుంది. ఒక్కో భాగానికి 16 బైట్ల చొప్పున నాలుగు భాగాలకే చోటు. అంతకుమించి కావాలంటే, నాలుగింటిలో ఒకదాన్ని పెద్ద ఆవరణగా చేసి, దానిలోపల మిగిలినవాటిని గొలుసులాగా కలుపుతారు. మాష్టారి డి, ఇ భాగాలు ఆ గొలుసులోవే. ఒక లంకె తెగితే దాని వెనకవన్నీ కనబడకుండా పోతాయి. పోయింది హద్దుల లెక్క. పాటలు వున్నచోటనే వున్నాయి. సాగులో వున్న భూమిని అడంగల్లో బంజరని రాస్తే అందులోని వరిపైరు మాయమయిపోదు గదా!

ఈ నాలుగు గదుల ఏర్పాటు ప్రకృతి ధర్మమేమీ కాదు. 1983లో ఐబీఎం కంపెనీ 10 మెగాబైట్ల డిస్కుతో ఇంటి కంప్యూటరును అమ్మకానికి పెట్టినప్పుడు, దానికి తోడుగా వచ్చిన డాస్ రెండవ కూర్పులో కొందరు ఇంజనీర్లు చేసిన నిర్ణయం అది. ఎ, బి అక్షరాలు ఫ్లాపీలకు పోగా డిస్కు సి అయింది. ఫ్లాపీలు పోయాయి గాని సి పోలేదు. నలభై ఏళ్లనాటి ఆ నిర్ణయం ఇవాళ అత్తిలిలో ఒక మాష్టారి పాటల తలరాతను శాసిస్తున్నది. చరిత్ర చేసినదాన్ని సహజమనుకోవడం సాహిత్యంలోనే కాదు, సాంకేతిక విషయాల్లోనూ మనలను గుడ్డివాళ్లను చేస్తుంది.

మేము చేసిన పని వరసగా చెబుతాను. మొదట డిస్కు ఆరోగ్యం చూశాం. టకటకమని చప్పుడు చేసే డిస్కయితే జబ్బు యంత్రభాగాలది. దాన్ని ఎక్కువసేపు తిప్పడమే ప్రమాదం. ఇది అలాటిది కాదు. తరువాత పెన్ డ్రైవునుంచి లినక్సు నడిపి, డిస్కు మొత్తాన్ని బైటుకు బైటుగా మరొక డిస్కుమీదికి నకలు తీశాం. అందుకు రాత్రంతా పట్టింది. వెతుకులాట నకలుమీద చేశాం గాని అసలుమీద కాదు. ఆ వెతుకులాటకు వాడింది టెస్ట్‌డిస్క్ అనే సాధనం. ఫ్రాన్సుకు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసి, ఎవరైనా వాడుకోవడానికీ, మార్చుకోవడానికీ స్వేచ్ఛగా విడిచిపెట్టిన ప్రోగ్రాము అది. ప్రతి భాగం తన మొదటి సెక్టారులో తన పరిమాణం తానే రాసుకుంటుంది. విండోసు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో దాని ప్రతి ఒకటి ఆ భాగం చివర కూడా వుంటుంది. ఆ గుర్తులనుబట్టి టెస్ట్‌డిస్క్ హద్దులను తిరిగి లెక్కగడుతుంది. పట్టిక రాయబోయేముందు లోపలి ఫైళ్ల పేర్లు చూపించమని అడిగాం. మాష్టారు పెట్టుకున్న పేర్లు తెరమీద వరసగా వచ్చాయి. అప్పుడే పట్టిక రాయించాం. కరెంటు పోయిన క్షణాన రాస్తున్న రెండు ఫైళ్లు తప్ప తక్కినవన్నీ దక్కాయి.

ఫార్మాటు చేసివుంటే? పైపైన చేసే ఫార్మాటు పేర్లనూ, వరసనూ చెరిపేస్తుంది. సరుకు చాలావరకు మిగిలినా, దాన్ని పేరులేని ముక్కలుగా ఏరుకోవాలి. పూర్తి ఫార్మాటయితే ఇప్పటి విండోసులో ప్రతి సెక్టారునూ సున్నలతో నింపుతుంది. ఆపైన ఆశ లేదు. కొత్తరకం ఎస్‌ఎస్‌డీల్లో పైపై ఫార్మాటుకే సరుకు కూడా త్వరలో తుడిచిపెట్టుకుపోతుంది.

అయితే ఆ కుర్రవాణ్ణి నిందించి వూరుకుంటే అది విమర్శ కాదు. ఫార్మాటుకు అరగంట పడుతుంది. వెతుకులాటకు రెండు రోజులు. రెండింటికీ దాదాపు ఒకే కూలి ఇస్తే ఎవడైనా అరగంట పనే ఎన్నుకుంటాడు. పాటలకు బజారులో ధర లేదు గనక వాటిని కాపాడే శ్రమకూ ధర లేదు. అతనికి నేర్పినవారు కూడా ఏ మీట నొక్కాలో నేర్పారే గాని, నొక్కితే లోపల ఏమవుతుందో నేర్పలేదు. పనివాణ్ణి తన పనిముట్టుకే పరాయివాణ్ణి చేసే చదువు అది.

మన గ్రామాలకు ఈ సంగతి కొత్తది కాదు. 1984లో రామారావు ప్రభుత్వం రద్దు చేసేదాకా కరణీకానికి వున్న బలమంతా దస్త్రంలోనే వున్నది. దున్నేది రైతు, ఆ దున్నిన భూమి ఎవరిదో చెప్పేది కరణంగారి దస్త్రం. దస్త్రం చదవలేనివాడు తన పొలంలోనే పరాయివాడయ్యాడు. ఇవాళ 64 బైట్ల దస్త్రం చదవలేనివాడు తన ఇంటి కంప్యూటరులో అలాటి పరాయివాడే.

ఈ చిక్కు ఇకముందు తగ్గేది కాదు. 2025 అక్టోబరు 14తో విండోసు 10కు మామూలు మద్దతు ముగిసింది. తరువాతి కూర్పుకు కొత్తరకం పట్టిక కావాలి. జీపీటీ అనే ఆ పట్టిక నిజానికి మెరుగయినది. 128 భాగాలకు చోటున్నది, డిస్కు చివర దాని ప్రతి కూడా వుంటుంది. కాని పాతదాన్ని కొత్తదిగా మార్చడానికి విండోసులోనే ఇచ్చిన సాధనం, గొలుసు భాగాలున్న డిస్కును ముట్టుకోదు. అంటే డి, ఇ భాగాలను అలా కట్టుకున్న ఇళ్లకు మళ్లీ ‘ఫార్మాటు కొట్టేద్దాం’ అన్న మాటే వినబడుతుంది. లేదా కొత్త యంత్రం కొనమన్న సలహా.

దీనికి మందు కొనుగోలు కాదు, చదువు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో పాఠాలు చెబుతున్నారు. మనకు అసాధ్యమేమీ కాదు. అధ్యాపక మిత్రులు, విద్యార్థులు చేయగల పని ఒకటున్నది. డిస్కు నకలు తీయడం, పట్టిక చదవడం, పోయిన భాగాన్ని వెతకడం — ఈ మూడు పాఠాలూ మామూలు తెలుగులో రాసి, వూరి గ్రంథాలయంలో ఒక పాత కంప్యూటరు పెట్టి, బాగుచేసే కుర్రవాళ్లను కూడా పిలిచి కలిసి నేర్చుకోవచ్చు. పాటలు సేకరించేవారు రెండో ప్రతి పెట్టుకోవడానికి మరో డిస్కు ఖరీదు ఎవరికి వారు భరించలేకపోతే, సంఘం భరించాలి. జానపద సాహిత్యాన్ని గురించి మనం సభల్లో చాలా మాట్లాడుతున్నాం. అది దాచివున్న చోటును కాపాడడం కూడా సాహిత్య కృషేనని ఒప్పుకొని, ఈ ఏడు ఒక్క వూళ్లోనైనా ఆ పని మొదలుపెట్టాలి.